టైరు మార్చిన మూడు గంటలు

దీని పేరు తుయెర్కా.
మా భాషలో బోల్టుకు బిగించే నట్టు.
పియెద్రా బుయెనా దగ్గర, జులై చలిలో,
తెల్లారి బానెట్టు ఎత్తితే
వేడి చావని ఇంజను మీద
పిడికెడు గ్రీజు ముద్దలా ముడుచుకుని ఉంది.
ఏదో ఊడిపడిందనుకుని చెయ్యి పెట్టాను.
కరిచింది.
గేరు మార్చే చేతి బొటనవేలి మీద
ఆ మచ్చ ఇంకా ఉంది.

నల్లపిల్లి ఎదురొస్తే బండి ఆపి
మూడుసార్లు ఉమ్మే డ్రైవర్లు ఈ దారిలో బోలెడుమంది.
నాది ఎదురు రాదు.
పక్క సీట్లో కూర్చుని
నాతో పాటే అందరికీ ఎదురెళుతుంది.

ఆ సీట్లో అంతకుముందు అబెలార్దో ఉండేవాడు.
ప్రతి మలుపులో నేను దారి తప్పానని చెప్పేవాడు.
మూడో నంబరు రోడ్డుకు మలుపులే లేవు.
ఇప్పుడు అతనూ లేడు.

పోయేటప్పుడు అట్టపెట్టెల్లో విడిభాగాలు,
వచ్చేటప్పుడు రియో గ్రాందేలో బిగించిన టీవీలు.
మధ్యలో గాలి.
ఇక్కడ ట్రక్కు నిటారుగా నిలబడాలంటే
అది ఒప్పుకోవాలి.
అది మీద పడే ముందు
తుయెర్కా చెవులు వెనక్కి వాలుస్తుంది,
నేను స్టీరింగు బిగించి పట్టుకుంటాను.
రేడియోలో హెచ్చరిక ఆ తర్వాతెప్పుడో వస్తుంది.

మా దేశం కొసకు చేరాలంటే
చిలీ నేల తొక్కి పోవాలి.
నాకు రెండు కాగితాలు, బండికి ఆరు,
పిల్లికి నాలుగు.
పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికొచ్చినదానిలా
వరుసలో నిలబడతాను.
గేటు దగ్గర బారియా
దాని టీకా పుస్తకం తిరగేసి, నవ్వు ఆపుకుంటూ,
"ఈమె రాకకు కారణం?" అంటాడు.
"నిద్ర" అంటాను.
అబద్ధం కాదు.
ఇంజను కట్టేశాక చెవుల్లో మిగిలే హోరు
అది గుండె మీదెక్కి గుర్రుమంటే గాని పోదు.

సాన్ హులియాన్ బంకులో
మాతే ఆకుకి ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పట్టుకుని వచ్చేసరికి
తలుపు బెత్తెడు తెరిచి ఉంది.
సీటు మీద బొచ్చు ఉంది, వెచ్చదనం ఉంది.

బంకు కుర్రాడు లౌతారో టార్చి పట్టాడు.
ట్రక్కుల కింద పాకాను.
చేపల డబ్బా మోగించాను.
ముళ్ళపొదలకు చిక్కుకున్న
ప్రతి నల్ల ప్లాస్టిక్ సంచీ పిల్లే.
దగ్గరికి పోతే ప్రతి పిల్లీ సంచీయే.
పిలిచిన పేరును
నా నోటి దగ్గరే గాలి లాక్కుపోయింది.

కంపెనీ నుంచి ఫోను.
"బండి కదలదేం?"
"టైరు."
"ఏది?"
"లోపలి వైపుది."
"ఎంతసేపు?"
"నట్టు పోయింది. వెతుకుతున్నాను."
ఆ రాత్రి చెప్పినవాటిలో
అదొక్కటే నిజం.
చెప్పగానే గొంతు పట్టుకుపోయి
ఫోను పెట్టేశాను.

చివరి వరుసలో, ఉన్ని బేళ్ళ లారీ దగ్గర,
గుమెర్సిందో లైట్లు వేసుకుని
స్టీరింగు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.
అతని ముందు చక్రానికి రెండడుగుల దూరంలో
తుయెర్కా, తీరిగ్గా
కాలు చాపి నాక్కుంటోంది.
"మూడుసార్లు ఉమ్మాను," అన్నాడు ముసలాయన,
"లేవలేదు. ఇంకో మూడుసార్లు ఉమ్మాను.
ఎనిమిదింటికే బయల్దేరాలి నేను.
ఇది నీదా? తల్లీ, దీన్ని తీసెయ్యి."
శకునానికి జంకని మనిషైతే
గేరు వేసి పోయేవాడు.
అతని చెయ్యి పట్టుకుని ఊపుతుంటే
నాకు పిచ్చేమో అన్నట్టు చూశాడు.

అది నా వంక చూడనైనా లేదు.
క్యాబిన్ ఎక్కి, చేపల డబ్బా వాసన చూసి,
సీట్లో మూడుసార్లు తిరిగి పడుకుంది.

నెలాఖరు జీతం చీటీలో
టైరు మార్పిడి, మూడు గంటలు, కోత.
చించలేదు.
టీకా పుస్తకం వెనక
పిన్ను కొట్టి దాచాను.
పిల్లి కాగితాలు ఇప్పుడు ఐదు.

తలుపే, ఇంకా సరిగ్గా పడి చావదు.